కొట్టిన రాయి, మ్రొక్కిన రాయి

ఒక ఊరిలో పిన్నవయస్కుల మూలమున ఘోరము జరిగినప్పుడు, ఆ సంగతిని మరచిపోవలెనా, గుర్తుంచుకొనవలెనా అన్న ప్రశ్న పెద్దలకు తప్పదు. మన కరవుసీమ దీనికి రాతితోను, రంగులతోను సమాధానము చెప్పినది.

చిత్రావతి ఒడ్డునగల పుట్టపర్తికి ఆ పేరెట్లు వచ్చినదో చెప్పే ఐతిహ్యమొకటి ఉన్నది. ఆవు పాలను పాము త్రాగుచుండగా చూచిన గోపాలకుడు ఆగ్రహము పట్టలేక దానిపై బండరాయి వేసినాడట. ప్రాణము విడుచుచు ఆ పాము శపించినదట. పశువులు క్షీణించి, ఊరంతయు పుట్టలు లేచినవట. ఊరివారు ఆ రాతిని పారవేయక, గుడిలో నిలిపి పూజించినారట. ఇది చరిత్ర కాకపోవచ్చును. కాని కొట్టిన రాయినే మ్రొక్కే రాయిగా చేసికొన్న వివేకము మాత్రము నిజమైనది.

ఈ శ్రీ సత్యసాయి జిల్లాలోనే ఉన్న లేపాక్షిలో ఇట్టి వివేకమే రంగులలో కనిపించును. విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయల కాలమున, 16వ శతాబ్ది పూర్వార్ధములో, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు అక్కడి వీరభద్రాలయమును విస్తరింపజేసిరి. దాని మండపపు కప్పుపై మనునీతి చోళుని కథ చిత్రితమై ఉన్నది. రాకుమారుని రథచక్రము క్రింద లేగదూడ మరణించినది. తల్లియావు ధర్మఘంట మ్రోగించినది. కొడుకునకు అదే మరణము విధించినాడు రాజు. అయితే కథ శిక్షతో ముగియదు. శివుని కరుణచే దూడయు, కుమారుడును బ్రతికి లేచిరి. దూడ ప్రాణమునకు రాకుమారుని ప్రాణముతో సమానమైన విలువ కట్టినది ఆ కథ.

దూరదేశములలోను ఇట్టిదే జరిగినది. ఉత్తర ఐర్లండులోని డెర్రీ పట్టణమున, బాగ్‌సైడ్ పేటలో, 1971లో కాల్పులకు 14 ఏండ్ల విద్యార్థిని బలియైనది. 1998లో శాంతి ఒడంబడిక కుదిరిన మరుసటి ఏడు, స్థానిక చిత్రకారులు ముగ్గురు ఆమె రూపమును ఒక ఇంటి గోడపై నిలువెత్తున చిత్రించినారు. ప్రక్కన ఒక తుపాకి, పైన రంగులు నింపని సీతాకోకచిలుక. శాంతి నిలుచునన్న నమ్మకము కలిగిన పిదప, 2006లో, తుపాకిని విరిగినట్లు మార్చి, సీతాకోకచిలుకకు రంగులు నింపినారు.

ముఠాకక్షలలో ఎందరో యువకులను పోగొట్టుకొన్న రాయలసీమకు ఇందులో నేర్వదగినది ఉన్నది. చంపినవాని పేరును మాత్రమే మననము చేసికొనే ఊరు పగను పెంచుకొనును. చనిపోయినవారిని తలచుకొని, నలుగురు కూడే చోట న్యాయమును, కరుణను గోడమీద నిలుపుకొన్న ఊరు తన బిడ్డలకు రేపటిని మిగుల్చుకొనును.