పసుపు పాలమ్మాయి తీయించిన తాళం

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన 'పాలమ్మాయి' అనే చిన్న బొమ్మ ఉంది. ఎత్తు 45.5 సెంటీమీటర్లు, వెడల్పు 41. వంటింటి కిటికీ పక్కన నిలబడి ఒక పనిమనిషి మట్టిగిన్నెలోకి పాలు వంపుతుంటుంది. వెనక వెల్ల వేసిన గోడ, ఆ గోడకి మేకులు దిగిన గుంటలు. ఆమెది పసుపు రవిక, దాని మీద ముదురు నీలం ఏప్రన్. తెల్లగోడ మీద కిటికీ వెలుతురు పరుచుకున్న తీరే ఈ బొమ్మకి ప్రాణం.

2011 నాటికి ఆ మ్యూజియంకి ఒక విచిత్రమైన చిక్కు వచ్చిపడింది. దుకాణంలో అమ్మే పోస్టుకార్డు చూసి, అసలు బొమ్మ ఇలా ఉండదని కొందరు సందర్శకులు వాదించేవాళ్ళు. వాళ్ళకి తెలిసిన పాలమ్మాయి ఇంటర్నెట్‌లోది. అక్కడ గోడా పసుపే, పాలూ పసుపే. మ్యూజియం వాళ్ళు వెతికి చూస్తే పదివేలకు పైగా నకళ్లు తేలాయి, వాటిలో ఎక్కువ అలాంటి నాసిరకమే. అసలు బొమ్మ తమ గోడ మీదే ఉన్నా, దాని రంగులు ఇవీ అని జనాన్ని నమ్మించలేని పరిస్థితి.

ఇలాంటి నకళ్లు పుట్టే దారులు తెలిసినవే. పాత పుస్తకంలో అచ్చైన బొమ్మని ఒకరు స్కాన్ చేస్తారు, వెలిసిపోయిన స్లైడుని మరొకరు చేస్తారు, ఆ నకలుకి ఇంకొకరు నకలు తీస్తారు. సరైన వెలుతురులో, రంగులు సరిచూసి తీసిన ఫోటో మ్యూజియం దగ్గరే ఉంది. అది మాత్రం డబ్బు కట్టి, కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్ళకే దొరికేది.

ఆ పద్ధతి ఒక్క రైక్స్‌మ్యూజియందే కాదు. డిజిటల్ కెమెరాలు రాకముందు ప్రపంచమంతటా మ్యూజియంల బొమ్మల బేరం ఇలాగే నడిచేది. మ్యూజియం ఫోటోగ్రాఫరు పెద్ద ఫిల్ము మీద రంగుల ట్రాన్స్‌పరెన్సీ తీసేవాడు. పుస్తకం వేసేవాళ్ళు దాన్ని కొన్ని నెలలకి అద్దెకి తెచ్చుకుని, అచ్చు పని కాగానే తిరిగి పంపాలి. బొమ్మ అరపేజీలో వేస్తే ఒక ధర, పూర్తి పేజీకి ఇంకో ధర, అట్ట మీద వేస్తే మరో ధర. కళాచరిత్ర పరిశోధకులు తమ పుస్తకంలోని బొమ్మలకి చేతి డబ్బు పెట్టుకోవడం మామూలే. మూడు వందల ఏళ్ళ కిందట చనిపోయిన చిత్రకారుడికి కాపీరైట్ ఉండదు. కానీ ఆ బొమ్మని ఫోటో తీసింది మేం కాబట్టి ఫోటో మీద హక్కు మాదేనని మ్యూజియంలు అనేవి.

ఆ వాదనకి మొదటి పెద్ద దెబ్బ న్యూయార్క్ కోర్టులో తగిలింది. లండన్‌లో 1972లో మొదలైన బ్రిడ్జ్‌మన్ ఆర్ట్ లైబ్రరీ, మ్యూజియంల బొమ్మల ఫోటోలను అద్దెకిచ్చే సంస్థ. కెనడాకి చెందిన కోరెల్ సాఫ్ట్‌వేర్ కంపెనీ పాత చిత్రకారుల బొమ్మలను సీడీల్లో అమ్ముతుంటే, అందులో తమ ఫోటోలు ఉన్నాయని బ్రిడ్జ్‌మన్ దావా వేసింది. న్యాయమూర్తి లూయిస్ కప్లాన్ 1998లో ఒకసారి, పునర్విచారణ తరవాత 1999లో ఇంకోసారి ఒకే మాట చెప్పాడు: పాత బొమ్మకి ఉన్నదున్నట్టు తీసిన ఫోటోలో సొంత సృష్టి ఏమీ లేదు, కాబట్టి దానికి కొత్తగా కాపీరైట్ రాదు. ఈ తీర్పుకి పునాది 1991లోనే పడింది. టెలిఫోన్ డైరెక్టరీ మీద వచ్చిన ఫైస్ట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఎంత కష్టపడ్డా కష్టానికి కాపీరైట్ ఉండదని, కొంతైనా సృజన ఉండాలని తేల్చింది. ఫోటోగ్రాఫరు నైపుణ్యాన్ని కప్లాన్ తక్కువ చేయలేదు. అయితే ఆ నైపుణ్యమంతా తన ముద్ర కనపడకుండా చూసుకోవడంలోనే ఉంది. నకలు ఎంత నిఖార్సుగా ఉంటే అందులో హక్కు అడగదగ్గది అంత తక్కువ.

తీర్పు వచ్చినా బేరం ఆగలేదు. అది కింది కోర్టు తీర్పు. ఇతర దేశాలను కట్టడి చేయదు. పైగా కాపీరైట్ లేకపోయినా ఒప్పందం ఉంది. మంచి ఫోటో మా దగ్గరే ఉంది, కావాలంటే మా షరతులకి ఒప్పుకోవాలని మ్యూజియంలు అనగలవు. 2009లో లండన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ సైటు నుంచి ఒక అమెరికన్ వాలంటీరు 3,000కు పైగా బొమ్మలను ముక్కలుగా దించి, అతికించి, ఎవరైనా వాడుకోగల బొమ్మల భాండారం వికీమీడియా కామన్స్‌లో పెట్టాడు. గ్యాలరీ లాయర్లు నోటీసు పంపారు. అమెరికా చట్టం ప్రకారం తప్పు కాదని ఇటువాళ్ళు, బ్రిటిష్ చట్టం ప్రకారం తప్పేనని అటువాళ్ళు. ఆ గొడవ కోర్టుదాకా పోలేదు.

మరి ఈ కాపలా వల్ల ఒరిగిందేమిటి? 2004లో సైమన్ టానర్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఆర్ట్ మ్యూజియంల లెక్కలు అడిగి చూశాడు. ఫోటో తీసే ఖర్చు, ఉత్తరప్రత్యుత్తరాలు, బిల్లులు, జీతాలు అన్నీ కలిపితే, బొమ్మల ఫీజుల మీద చెప్పుకోదగ్గ మిగులు ఉందన్న మ్యూజియం ఒక్కటీ కనిపించలేదు. తరవాత కొన్నాళ్ళకి లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం పరిశోధన పుస్తకాల వరకు ఫీజు తీసేశాయి. తలుపు కొంచెం తెరుచుకుంది, అదీ పండితులకే.

రైక్స్‌మ్యూజియం ఇంకా ముందుకి వెళ్ళడానికి ఒక కారణం ఆ భవనమే. మరమ్మతుల కోసం 2003లో మూసిన ప్రధాన భవనం మళ్ళీ తెరుచుకున్నది 2013 ఏప్రిల్‌లో. ఆ పదేళ్ళూ పేరున్న బొమ్మలు కొన్నే ఒక పక్క విభాగంలో చూపించేవాళ్ళు. జనం లోపలికి రాలేరు కాబట్టి సేకరణే బయటికి వెళ్ళాలి. 2011లో లక్షకు పైగా బొమ్మల సమాచారాన్ని ప్రోగ్రామర్లు నేరుగా వాడుకునేలా ఇచ్చారు. అదే ఏడాది యూరోపియానా అనే ఐరోపా డిజిటల్ గ్రంథాలయం ఒక పత్రం వేసి, పసుపు పాలమ్మాయి కథని అందరికీ చెప్పింది. తాళం వేసినందువల్ల చెడ్డ నకళ్లు ఆగలేదు. ఆగినది మంచి నకలు ఒక్కటే.

2012 అక్టోబరులో మ్యూజియం సైటులో రైక్స్‌స్టూడియో అనే విభాగం వచ్చింది. మొదటి రోజే 1,25,000 బొమ్మలు. తెర నిండా చూసుకోవచ్చు, దించుకోవచ్చు, నచ్చిన ముక్క కత్తిరించుకుని దేనికైనా వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. అప్పటికీ మ్యూజియం ఒక జాగ్రత్త ఉంచుకుంది: అన్నిటికంటే పెద్ద ఫైలు కావాలంటే 40 యూరోలు కట్టాలి. 2013లో అదీ తీసేసింది. మొత్తం రాబడిలో బొమ్మల అమ్మకం వాటా ఒక శాతానికి కూడా చేరేది కాదు. దానికోసం బిల్లులు రాస్తూ, డబ్బు రాబడుతూ కూర్చోవడం దండగ అనిపించింది. బొమ్మలను ఎవరైనా ఎలా పడితే అలా వాడేస్తే ఎలా అన్న ప్రశ్నకి, అప్పట్లో సేకరణల అధిపతిగా ఉన్న టాకో డిబిట్స్ నవ్వు పుట్టించే జవాబే ఇచ్చాడు. వెర్మీర్ బొమ్మని టాయిలెట్ పేపరు మీద అచ్చేసుకోవాలనుకుంటే, చెడ్డ నకలు కంటే మా మంచి ఫోటోతో అచ్చేసుకోవడమే మేలు అన్నాడు. తరవాత మ్యూజియమే ఈ బొమ్మలతో చేసిన వస్తువులకి పోటీ పెట్టి బహుమతులిచ్చింది. పాత చిత్రాల్లోని మనుషుల కళ్ళను అచ్చువేసిన నిద్రగంతలకి ఒకసారి మొదటి బహుమతి వచ్చింది.

ఆ తరవాత మిగతా సంస్థలూ వరస కట్టాయి. 2013లో గెట్టీ మ్యూజియం, అదే ఏడాది డిసెంబరులో పాత పుస్తకాల్లోని పది లక్షలకు పైగా బొమ్మలతో బ్రిటిష్ లైబ్రరీ, 2017 ఫిబ్రవరిలో 3,75,000 ఫోటోలతో మెట్రోపాలిటన్, 2020లో 28 లక్షలతో స్మిత్‌సోనియన్. వీటిలో చాలా సంస్థలు వాడే గుర్తు సీసీ జీరో. అంటే ఫోటో మీద మాకు హక్కు ఉన్నా లేకపోయినా వదులుకుంటున్నామని రాతపూర్వకంగా చెప్పడం. చట్టం వెనకే నడిచింది. 2018 డిసెంబరులో జర్మనీ సుప్రీంకోర్టు ఒక మ్యూజియం వైపే తీర్పు చెప్పి, పాత బొమ్మ ఫోటోకీ రక్షణ ఉందంది. మరుసటి ఏడాదే ఐరోపా సమాఖ్య కొత్త ఆదేశంలోని 14వ అధికరణం, కాపీరైట్ తీరిన బొమ్మకి మక్కీకి మక్కీ తీసిన నకలు మీద కొత్త హక్కు పుట్టదని రాసింది. మన దేశంలో 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు కూడా శ్రమ ఒక్కటే చాలదనే చెప్పింది.

ఈ తలుపు తెరుచుకుంటే మనకేం కనిపిస్తుంది? డచ్చివాళ్ళకి మచిలీపట్నంలోనూ పాలకొల్లులోనూ స్థావరాలుండేవి. ఆ వర్తకం దారినే 1686 ప్రాంతంలో గోల్కొండలో గీసిన రాజుల బొమ్మల ఆల్బమ్ ఒకటి ఆమ్‌స్టర్‌డామ్ చేరింది. ఒకప్పుడు ఆ నగరానికి మేయరుగా ఉన్న నికొలాస్ విట్సెన్ సొత్తు అది. ఇప్పుడు రైక్స్‌మ్యూజియంలో ఉంది. కుతుబ్‌షాహీ సుల్తానుల ముఖాలు చూడాలనుకునే హైదరాబాదు విద్యార్థి ఇంట్లో కూర్చుని వాటిని దించుకోవచ్చు, తన పుస్తకంలో వేసుకోవచ్చు. మెట్రోపాలిటన్‌లోని 17వ శతాబ్దపు గోల్కొండ కలంకారీ రుమాళ్ల ఫోటోలూ అలాగే. ఆ పూలతీగలను చూసి ఎవరైనా కొత్త చీర అద్దినా అడిగేవాళ్ళు లేరు.

అమరావతి సంగతి వేరు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు 1859లో లండన్ చేరాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి ఫోటోలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి గానీ, లైసెన్సు వ్యాపారేతర వాడకానికే. అమరావతి మీద పుస్తకం వేసి అమ్ముకోవాలనుకునే తెలుగు ప్రచురణకర్త విడిగా అనుమతి తీసుకోవాలి. శిల్పం విషయంలో చట్టం కూడా అంత సూటిగా ఉండదు. వెలుతురు ఏ వైపు నుంచి పడాలి, ఏ కోణంలో తీయాలి అన్నది ఫోటోగ్రాఫరు ఎంపిక కాబట్టి, ఆ ఫోటోకి కాపీరైట్ ఉందనడానికి బలం ఎక్కువ.

ఇంటి దగ్గరి ఉదాహరణ దామెర్ల రామారావు. రాజమండ్రి చిత్రకారుడు, 1925లో 28వ ఏట చనిపోయాడు. మన చట్టంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్ళ వరకే కాపీరైట్; ఆయన బొమ్మలు ఏనాడో అందరివీ అయ్యాయి. అయినా ఆ హక్కు చేతికి అందాలంటే సరైన వెలుతురులో తీసిన పెద్ద ఫైలు ఒకటి, దాన్ని ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చన్న ఒక వాక్యం కావాలి. ఆ రెండూ ఇవ్వగలిగింది బొమ్మను దగ్గర ఉంచుకున్న సంస్థే. దానికి కోర్టు తీర్పు అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు. ఎవరూ బలవంతపెట్టకుండానే రైక్స్‌మ్యూజియం చేసింది ఆ పనే.