వేఁటకుక్కల శిక్షావిధానము

శిక్ష యను సంస్కృతపదమునకు నేర్పుట యని ముఖ్యార్థము. వేదాంగములలో నొకదానికి నదియే పేరు. తెలుఁగున నీ పదము దండన మను నర్థమునఁ బ్రసిద్ధికెక్కినది. ఈ రెండర్థములకును గల సంబంధ మెట్టిదో వేఁటకుక్కను బెంచువాని పనియందుఁ జక్కఁగా విశదమగును. వేఁటకుక్కకుఁ దఱుముట సహజగుణము. తఱుమక నిలుచుట నేర్పవలసిన గుణము. పాఱు జింకను వెంబడించు కుక్కయే పాఱు గొఱ్ఱెను జూచి నిలువవలెను. ఇట్టి నిగ్రహము లేని కుక్క యెంత వేగముగలదైనను గ్రామమునకు మేలుకంటెఁ గీడే యొనర్చును.

ఈ యవసరము మనదేశమున మిక్కిలి ప్రాచీనము. 1909లో శామశాస్త్రిగారిచేఁ బ్రకటింపఁబడిన కౌటిలీయార్థశాస్త్రమున గోధ్యక్షప్రకరణమొకటి కలదు. వేఁటకాండ్రును, కుక్కలమూఁకలు గలవారును దొంగల భయమును, క్రూరమృగముల భయమును దొలఁగించిన యడవులలో ఋతువు ననుసరించి పసులను మేపవలెనని యందు విధింపఁబడినది. కావున నొకే యడవి కుక్కలకు సంచారభూమియు, మందలకు మేఁతబీడును అయ్యెను. పులిని వెదకఁబోయిన కుక్క లేఁగదూడపైఁ బడినచో నా యేర్పాటే వ్యర్థమగును. కుక్కల శిక్షాక్రమ మా ప్రకరణమునఁ జెప్పఁబడలేదు. అది సిద్ధమైయున్నదని తలంచియే విధి యేర్పఱుపఁబడినదని యూహింపవచ్చును.

శునకజాతికి సారమేయమను పేరు సరమనుండి వచ్చినది. ఋగ్వేదమునఁ బదవమండలమందలి 108వ సూక్తమున దేవశుని యగు సరమ పణులు దాఁచిన గోవులను గనుఁగొనును. పణు లామెను సోదరిగాఁ జేసికొని గోవులలోఁ బాలిత్తుమనఁగా నామె యొల్లదు. గోవుల జాడఁ దీసియు గోవుల నాశింపకుండుటయే యామె గొప్పతనము. వేఁటకుక్కకుఁ గోరఁదగిన గుణమంతయు నీ కథయందే యున్నది.

సరమ కుమారుని కథ మఱియొక ధర్మమును దెలుపును. ఇది భారతమున నాదిపర్వారంభమందున్నది. 11వ శతాబ్దమున నన్నయభట్టు దీనిని దెనిఁగించెను. జనమేజయుని యజ్ఞవాటికకు వచ్చిన యా కుక్కపిల్లను రాజసోదరులు కొట్టిరి. అది హవిస్సును నాకలేదు, చూడనైనను లేదు. తల్లి వచ్చి తన బిడ్డ చేసిన యపరాధ మేమని ప్రశ్నింప వారు బదులీయలేకపోయిరి. నిరపరాధిని గొట్టినందునఁ గానరాని భయము కలుగునని యామె శపించెను. చక్రవర్తియంతవాఁడు తల్లడిల్లి శాంతికొఱకుఁ బురోహితుని వెదకికొనవలసివచ్చెను. దండనమునకు ముందు దోషము ఋజువు కావలెనను న్యాయము కుక్కవిషయమునను జెల్లునని యితిహాస మిట్లు చాటినది.

ఆంధ్రదేశమున నీ వేఁటయు మందయు దైవారాధనమునందుఁ గూడఁ గలసికొన్నవి. రామగుండము, గోదావరిఖని యున్న పెద్దపల్లి జిల్లాయందే ఓదెల మల్లన్న క్షేత్రమున్నది. బొగ్గుగనులు రాకమున్ను గోదావరీతీరమందలి యీ ప్రాంత మడవులతో నిండియుండెను. గొల్లలు, కురుమలు మల్లన్నను గొలుతురు. ఒగ్గువారు పట్నములు వేసి యతని కథఁ బాడుదురు. తెలంగాణపు మల్లన్న, కర్ణాటకపు మైలారుఁడు, మహారాష్ట్రపు ఖండోబా యొకే పరంపరకుఁ జెందిన దైవములని జర్మనీపండితుఁడగు గుంథర్ సొంథైమర్ మొదలగువారు పరిశోధించి చూపిరి. ఖండోబా పటములలో నతని గుఱ్ఱముతోఁ బాటు కుక్కయుఁ గానవచ్చును. గొఱ్ఱెలకాపరి కొలుచు దైవముచెంతఁ గుక్క యుండుట యర్థవంతము: మందకు విశ్వాసపాత్రమైన కుక్కయే యచ్చట నిలువఁదగినది.

అట్టి విశ్వాసము గలుగు క్రమ మెట్టిది? గొఱ్ఱెను బట్టిన చాలసేపటికిఁ గొట్టిన దెబ్బకుఁ గారణమును గుక్క యెఱుంగఁజాలదు. దాని దృష్టిలో నది సరమపుత్రుఁడు తిన్న దెబ్బవంటిదే. అందువలన యజమానునియెడ భయము గలుగునే గాని గొఱ్ఱెను విడుచుట యలవడదు. కావున మంచి శిక్ష దోషమునకు ముందే మొదలిడును.

పిల్లనాఁడే మందకడ మెలఁగనిచ్చుట మొదటి మెట్టు. కుక్కపిల్ల తోడిప్రాణులతోఁ జెలిమి నేర్చు ముఖ్యకాలము 3వ వారము మొదలు 12వ వారము వఱకని స్కాట్, ఫుల్లర్ అను నమెరికా శాస్త్రజ్ఞులు 1965లోఁ బ్రకటించిరి. దక్షిణామెరికా కాపరులు కుక్కపిల్లకు గొఱ్ఱెపాలు త్రాగించి, దొడ్డిలో నున్నిపడకపైఁ బెంచుటను డార్విన్ 1839నాఁటి తన యాత్రాగ్రంథమున వర్ణించెను. అవి కావలికుక్కలే యైనను, చిన్ననాఁటి పరిచయమునకుఁ గల బలమున కది తార్కాణము.

పొడుగుత్రాటితోఁ గట్టి మందకు దూరముగా నడపించుట రెండవ మెట్టు. కుక్క చెవులు నిక్కించి గొఱ్ఱెపైఁ జూపు నిలిపిన క్షణముననే యొక వారింపుమాట, చిన్న యీడ్పు చాలును. అది తల త్రిప్పినంతనే మెచ్చుకోలును, నోటికింత తిండియు నందవలెను. దినదినమును దూరమును దగ్గించి, నిలిచియున్న మందపిమ్మటఁ గదలు మందను, ఆపై గంతులిడు గొఱ్ఱెపిల్లలను జూపవలెను. కడపటనే త్రాడు విడువవలెను. నడుమఁ గుక్క తప్పినచో దెబ్బను బెంచరాదు. దూరమును బెంచి వెనుకటి మెట్టునుండి మరల నేర్పవలెను. తప్పు పలుమాఱులు కలిగినచో మెట్టు లెక్కించుటలోఁ దొందరపడినవాఁడు గురువే.

1972లో వన్యప్రాణిసంరక్షణచట్టము వచ్చినపిమ్మట వేఁట నేరమైనది. ఐనను, గుక్కయు మందయు నొకే త్రోవను నడచునంతకాల మీ విద్య యవసరమే. శిక్షాశబ్దమునకుఁ గల రెండర్థములలో నేర్పుట ముందు పుట్టినది. ఆ వరుసయే న్యాయము: నేర్పనిదానికై దండించుట జనమేజయసోదరుల తప్పునే మరలఁ జేయుట.