రొయ్య అరువు తెచ్చుకునే కొవ్వు

గుంటూరు బ్రాడీపేటలో ఏ అడ్డరోడ్డు పట్టుకొని నడిచినా ఒక వైద్యశాలో, రక్తపరీక్షల కేంద్రమో ఎదురవుతుంది. కొలెస్టరాల్ ఎక్కువని కాగితం చేతికందిన మనిషి ముందుగా దూరం పెట్టేది రొయ్యల కూరనే. రొయ్యలో కొలెస్టరాల్ మెండుగా ఉన్నమాట నిజమే. అయితే అది రొయ్య స్వార్జితం కాదు.

మన కాలేయం కొలెస్టరాల్‌ను తానే తయారు చేస్తుంది. ఆ తయారీ క్రమాన్ని, కొవ్వు ఆమ్లాల తీరును విప్పి చూపినందుకే కాన్రాడ్ బ్లాక్, ఫియోడర్ లినెన్‌లకు 1964లో నోబెల్ బహుమానం లభించింది. కీటకాలకు ఆ విద్య లేదు. కొలెస్టరాల్ లేని తిండితో ఈగజాతి పురుగులు ఎదగవని హాబ్సన్ 1935లోనే గుర్తించాడు. రొయ్యదీ అదే లోటని 1971లో జపానులో కనజావా బృందం తేల్చింది.

ఇంతకీ రొయ్యకు అదెందుకు? కణాల పొరలకు కావాలి, కుబుసం విడవడానికీ కావాలి. పాత పెంకు వదలనిదే రొయ్య పెరగదు. ఆ పని నడిపించే హార్మోను కొలెస్టరాల్ నుంచే పుడుతుంది. ఇటువంటి హార్మోనును మొదటగా 1954లో బూటెనాంట్, కార్ల్‌సన్ వేరుచేశారు. 500 కిలోల పట్టుపురుగు ప్యూపాలను శోధిస్తే దక్కింది 25 మిల్లీగ్రాములు!

ఈ చరిత్ర ప్రయోగశాలల్లోనే ఆగిపోలేదు. బ్రాడీపేట నుంచి దక్షిణంగా సముద్రం వైపు వెళితే నిజాంపట్నం, చినగంజాం ప్రాంతాల్లో రొయ్యల చెరువులు కనిపిస్తాయి. సముద్రంలో రొయ్య తన కొలెస్టరాల్‌ను చిన్న జీవులను తిని సంపాదించుకుంటుంది. చెరువులో ఆ అవసరాన్ని చాలావరకు మేతే తీర్చాలి. చేపపొడి, చేపనూనె, కొన్ని మేతల్లో విడిగా కలిపే కొలెస్టరాల్, అన్నీ అందుకే. రైతు ఖర్చులో పెద్దపాలు మేతదే. రొయ్య అరువు అతని పద్దులోకి ఎక్కుతుంది. చేపపొడికి పోయే చిన్న చేపల రూపంలో సముద్రం పద్దులోకీ ఎక్కుతుంది.

ఇక తినేవారి సంగతి. 1996లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యవంతులకు మూడు వారాలపాటు రోజుకు 300 గ్రాముల రొయ్యలు పెట్టి చూశారు. చెడు కొలెస్టరాల్ కొంత పెరిగింది, మంచి కొలెస్టరాల్ అంతకన్న ఎక్కువ శాతం పెరిగింది, ట్రైగ్లిసరైడ్లు తగ్గాయి. ఆ రొయ్యలు నూనెలో వేయించినవి కావు, ఆవిరి మీద ఉడికించినవి. గుండెజబ్బు ఉన్నవారు తమ వైద్యుని మాటే వినాలి. తక్కినవారు రొయ్యను నిందించే ముందు, దాన్ని వేయించిన నూనె ఎంతో చూసుకోవడం న్యాయం.