ప్లాట్లు వేసిన చోట పార్కు

మన సభ్యుల్లో పలువురు పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళి వస్తున్నారు. కాలిఫోర్నియా వెళ్ళేవారు తప్పక చూడవలసిన చోటు పాయింట్ లోబోస్. కార్మెల్ పట్టణానికి మూడు మైళ్ళు దక్షిణంగా, ఒకటో నంబరు హైవే పక్కన, పసిఫిక్ సముద్రపు ఒడ్డున ఉంది.

ఇక్కడి రాళ్ళ మీద సముద్రసింహాలు అరుస్తూ పడుకుని ఉంటాయి. స్పెయిన్ వారు వాటిని సముద్రపు తోడేళ్ళన్నారు. ‘లోబోస్’ అంటే తోడేళ్ళే. 1850ల్లో చైనా జాలరులు వచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. ఆ తరువాత పోర్చుగీసు వారు తిమింగలాలను వేటాడారు.

1890లో ఒక బొగ్గు కంపెనీ ఈ భూమిని వందలాది ఇళ్ళ స్థలాలుగా విడగొట్టి అమ్మకానికి పెట్టింది. లేఅవుట్ ఒకసారి రికార్డుకెక్కి, ప్లాట్లు పదిమంది చేతుల్లో పడ్డాక ఆ భూమి మళ్ళీ ఒక్కటి కాదని ఆఫీసుల్లో పనిచేసిన మనకు తెలుసు. ఇక్కడ అయింది. 1898లో అలెగ్జాండర్ అలన్ అనే ఇంజనీరు 640 ఎకరాలు కొన్నాడు. అమ్ముడైన ప్లాట్లను కూడా తిరిగి కొని, కౌంటీ రికార్డుల్లోంచి ఆ లేఅవుట్‌నే తీసివేయించాడు. ఆయన పోయాక, 1933లో కుటుంబం వారు 348 ఎకరాలు రాష్ట్ర ప్రభుత్వానికి అమ్మి, సిప్రస్ చెట్లున్న 15 ఎకరాలు తల్లిదండ్రుల స్మారకంగా దానమిచ్చారు. మాంటెరీ సిప్రస్ సహజంగా పెరిగే తోపులు ప్రపంచంలో రెండే; అందులో ఇదొకటి. 1960లో పక్కనున్న 750 ఎకరాల సముద్రాన్నీ రక్షిత ప్రాంతంగా చేర్చారు. నీటి అడుగు భాగాన్ని అలా కాపాడటం ఆ దేశంలో అదే మొదలు.

ఇక సదుపాయాలు. ఉదయం ఎనిమిదింటికి గేటు తెరుస్తారు. కారుకు రుసుము ఉంది. కార్లు ఆపే చోట మరుగుదొడ్లు, కూర్చుని తినడానికి బల్లలు ఉన్నాయి. చక్రాల కుర్చీ వెళ్ళగల బాటలూ కొన్ని ఉన్నాయి. చైనా జాలరులు కట్టిన ఒక చెక్క ఇల్లు ఇప్పుడు మ్యూజియం. దాని నేలకింద ఆధారంగా తిమింగలం వెన్నుపూసలు పెట్టారు. స్వచ్ఛంద సేవకులు దుర్భిణి పెట్టి సముద్రసింహాలను చూపిస్తారు. లోపల హోటలు లేదు కనుక పులిహోరో, పెరుగన్నమో కట్టుకుని వెళ్ళాలి. ఎండాకాలంలోనూ చలిగాలి వీస్తుంది, స్వెట్టరు మరవద్దు.

వెళ్ళినవారు సిప్రస్ తోపు దగ్గర కాసేపు ఆగండి. అలన్ ఆ ప్లాట్లు తిరిగి కొనకపోతే అక్కడ ఈపాటికి కాంపౌండు గోడలు ఉండేవి, సముద్రం మనకు కనబడేది కాదు.