నీలిపాపల గుండె చదివిన డాక్టరమ్మ

మెడిసిన్ చదివే పిల్లలున్న ఇంట్లో పరీక్షలంటే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు. గుండె, రక్తనాళాల జబ్బుల పాఠం వచ్చిందంటే అర్ధరాత్రి దాటినా ఆ గదిలో దీపం ఆరదు. మీరు కాఫీ గ్లాసు పట్టుకుని వెళ్తే "ఫాలో, నాలుగు లోపాలు" అని వల్లెవేస్తూ కనిపిస్తారు. ఆ నాలుగు లోపాల వెనక ఉన్న కథ ఈ పూట చెప్పుకుందాం.

1888లో ఫ్రాన్సు దేశంలో ఫాలో అనే వైద్యుడు, పుట్టుకతోనే ఒళ్ళు నీలంగా ఉండేవారి గుండెల్లో నాలుగు లోపాలు కలిసి ఉంటాయని రాశాడు. గుండె కింది గదుల మధ్య గోడకి రంధ్రం. ఊపిరితిత్తులకి నెత్తురు వెళ్ళే దారి ఇరుకు. పెద్ద ధమని సరిగ్గా ఆ రంధ్రం మీదికి జరిగి ఉండటం. కుడివైపు గోడ మందమెక్కటం. దారి ఇరుకు కాబట్టి, చెడు నెత్తురు కొంత ఊపిరితిత్తులకి పోకుండానే రంధ్రంగుండా ఒంటికి ఎక్కుతుంది. పెదవులు, గోళ్ళు నేరేడుపండు రంగు తిరుగుతాయి. ఇలాంటి పిల్లలు నాలుగడుగులు నడిచి గొంతుక్కూర్చుంటారు. చూసేవాళ్ళకి అది మొండితనంలా ఉంటుంది గాని, అలా కూర్చుంటే ఊపిరితిత్తులకి కాస్త ఎక్కువ నెత్తురు అందుతుంది. ఎవరూ నేర్పకుండా ఆ పసి ఒళ్ళు కనిపెట్టుకున్న ఉపాయం అది!

జబ్బుకి పేరైతే వచ్చింది గాని, యాభై ఏళ్ళ పైచిలుకు దానికి చికిత్స రాలేదు.

1898లో అమెరికాలో పుట్టిన హెలెన్ టాసిగ్‌కి చిన్నప్పుడు అక్షరాలు కుదురుగా కంటికి ఆనేవి కావు. పదకొండో ఏట తల్లి పోయింది. డాక్టరీ చదువుదామంటే హార్వర్డ్‌లో ఆడవాళ్ళకి డిగ్రీ ఇచ్చేవారు కారు. ఒక్క క్లాసుకి రానిచ్చారు, అదీ మగపిల్లలకి దూరంగా ఒక మూల కూర్చోమని. బోస్టన్‌లో మరో కాలేజీ ఆచార్యుడు ఎద్దు గుండె ఒకటి ఆమె చేతికిచ్చి పరిశీలించమన్నాడు. అక్కణ్ణించి ఆమెకి గుండే లోకమైంది. చివరికి 1927లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో డాక్టరైంది. అక్కడ ఆడవాళ్ళని చేర్చుకోవటం మగవాళ్ళ ఔదార్యమని అనుకునేరు! 1893లో ఆ వైద్యకళాశాల తెరవటానికి డబ్బు చాలకపోతే, మేరీ గారెట్ మొదలైన స్త్రీలు నిధి పోగుచేశారు. ఆడపిల్లల్ని సమానంగా చేర్చుకుంటేనే పైకం ఇస్తామని షరతు పెట్టారు. కొంగుముడి ఎప్పుడు విప్పాలో ఎరిగిన ఇల్లాళ్ళన్నమాట.

1930లో పిల్లల గుండెజబ్బుల విభాగం టాసిగ్‌కి అప్పగించారు. అప్పటికే ఆమెకి వినికిడి తగ్గుతోంది. గుండె డాక్టరుకి చెవుడంటే వంటమనిషికి నాలుక రుచి పోయినట్టే కదా. ఆమె పసివాళ్ళ ఛాతీమీద చెయ్యి ఆనించి, గుండె చప్పుడు వేళ్ళతో తెలుసుకోవటం నేర్చుకుంది. ఎక్స్‌రే తెరమీద కొట్టుకునే గుండెని చూసి చూసి ఒక సంగతి పట్టుకుంది. కడుపులో బిడ్డకి ఊపిరితిత్తుల ధమనినీ పెద్ద ధమనినీ కలుపుతూ ఒక నాళం ఉంటుంది. పుట్టాక అది మూసుకుపోతుంది. ఆ నాళం మూసుకోని నీలిపాపలు కాస్త తేరుకుని ఉంటున్నారు, మూసుకోగానే దిగజారుతున్నారు. మరి అలాంటి దారి మనమే ఒకటి వేస్తే?

1938లో ఆ నాళాన్ని కట్టేసి పేరుతెచ్చుకున్న బోస్టన్ సర్జన్‌ని అడిగితే ఆయన ఆసక్తి చూపలేదు. ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్ ఒప్పుకున్నాడు. ఆయన ప్రయోగశాలలో వివియన్ థామస్ అనే నీగ్రో యువకుడు ఉండేవాడు. వడ్రంగం చేసిన చేతులతోనే అక్కడ పనికి కుదిరాడు, డాక్టరు చదువుకని దాచుకున్న సొమ్ము ఆ తర్వాత బ్యాంకు దివాలాతో పోగొట్టుకున్నాడు. కుక్కలమీద ఈ శస్త్రచికిత్సని పదేపదే చేసి కుదిర్చింది ఆయనే. 1944 నవంబరు 29న పదిహేను నెలల ఎలీన్‌కి ఆపరేషన్ చేస్తుంటే, బ్లేలాక్ వెనక పీట మీద నిలబడి థామస్ కుట్లు ఎలా వెయ్యాలో చెబుతూ వచ్చాడు. చేతికి వెళ్ళే ధమనిని మళ్ళించి ఊపిరితిత్తుల ధమనికి కలిపారు. ఎలీన్ కొన్ని నెలలే బతికింది. కాని మూడోసారి, ఆరేళ్ళ పిల్లాడికి బల్లమీదే పెదవులు గులాబీరంగు తిరిగాయి. ఆ తర్వాత నీలిపిల్లల్ని ఎత్తుకుని తల్లులు దేశదేశాలనుంచీ బాల్టిమోరుకి వచ్చారు.

ఆపరేషన్‌కి బ్లేలాక్, టాసిగ్‌ల పేర్లే పెట్టారు. థామస్ పేరు కూడా కలిపి చెప్పటం చాలా ఏళ్ళ తర్వాత మొదలైంది. ఇప్పుడు చాలామంది పిల్లలకి లోపం మొత్తం ఒకేసారి సరిచేస్తున్నారు.

టాసిగ్ దగ్గర పనినేర్చుకున్నవారిలో మన పద్మావతి గారొకరు. 1917లో బర్మాలో పుట్టి, యుద్ధకాలంలో మన దేశానికి వచ్చి, పై చదువులు చదివి, భారతదేశంలో మొదటి మహిళా గుండెవైద్యురాలు అయ్యారు. ఆవిడ 1953లో ఢిల్లీలో లేడీ హార్డింజ్ కాలేజీలో చేరారు. పాఠ్యపుస్తకంలో ఊపిరితిత్తులు చెడి గుండె దెబ్బతినే జబ్బు ఒకటుంది. పొగతాగే మగవాళ్ళ జబ్బుగా దానికి పేరు. ఢిల్లీలో 127 మందిని పరీక్షించి 1959లో ఆవిడ ప్రకటించిన వ్యాసంలో మాత్రం ఆడవాళ్ళూ మగవాళ్ళతో సమానంగా కనిపించారు, అదీ ఇంకా చిన్న వయసులోనే. వాళ్ళలో చాలామంది చుట్టా బీడీ ముట్టినవాళ్ళు కారు. కట్టెలపొయ్యి ముందు, పిడకల పొగలో, ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళు.