చెరకుతోటనుండి శాసనసభకు: హైరం ఫాంగ్ తొలి రాజకీయ జీవితము

చెరకుతోటల వలస అనగానే మనకు మారిషస్సు, నేటాలు, ఫిజీ జ్ఞప్తికి వచ్చును. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములవారు చెన్నపట్టణపు రేవున ఓడలెక్కి ఆ సీమలకు కూలికై పోయిరి. ఆ కాలముననే చీనా దక్షిణతీరమునుండి వేలకొలది జనులు అదే చెరకు నరకుటకు పసిఫిక్ సముద్రమధ్యమందలి హవాయి ద్వీపములకు పోయిరి. వారిని మనము తలచుకొనుట తక్కువ. వారిలో క్వాంగ్‌టుంగ్ రాష్ట్రమువాడగు ఒక కూలి కుమారుడు హవాయి శాసనసభకు అధ్యక్షుడయ్యెను. అతని కథకును మన కథకును ఒకచోట సామ్యము, ఒకచోట గొప్ప భేదము కలవు.

హైరం ఫాంగ్ 1906వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన హొనలూలూ నగరమున కలిహి అను పేదల పేటలో పుట్టెను. పదునొకండుగురు బిడ్డలలో ఏడవవాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు యావ్ లియాంగ్. నాలుగేండ్ల ప్రాయముననే కియావె చెట్ల కాయలేరి పశువుల మేతకు అమ్మెనట. ఆ చెట్టు మన జమ్మికిని, సర్కారు తుమ్మకును చుట్టమే. పిదప బూట్లకు మెరుగు పెట్టెను, పత్రికలమ్మెను, చేపలు పీతలు పట్టి అమ్మెను, గోల్ఫు ఆడు దొరల కఱ్ఱలు మోసెను. 1924లో మెకిన్లీ ఉన్నతపాఠశాల చదువు ముగించి, మూడేండ్లు పెర్ల్ హార్బరు నౌకాస్థానమున కొలువు చేసి, కూడబెట్టిన సొమ్ముతో హవాయి విశ్వవిద్యాలయమున చేరెను. అచట 1930లో పట్టము పొంది, మరల కొంతకాలము ఉద్యోగము చేసి, 1935లో హార్వర్డులో న్యాయశాస్త్రపట్టము గడించెను. తరువాత హైరం అను పేరు పెట్టుకొనెను. 1820లో హవాయికి వచ్చిన క్రైస్తవ బోధకుడు హైరం బింగ్‌హాము స్మృత్యర్థము తాల్చిన పేరది. ఆ బోధకుడు హవాయి భాషకు లిపి కూర్చిన వారిలో ఒకడు. మనవాడొకడు బ్రౌనుదొర పేరు తాల్చినట్లు!

పేదబాలుడు కష్టించి పైకి వచ్చిన కథగా దీనిని చెప్పి ముగించుట సులభము. అమెరికాలో అట్టి కథలకు కొఱత లేదు, వినువారికిని విసుగు లేదు. నాకు మాత్రము అతని కష్టముకన్న అతని జన్మస్థలమే ముఖ్యముగ తోచును. 1882లో అమెరికా ప్రభుత్వము చీనా కూలీల రాకను నిషేధించుచు చట్టము చేసెను. చీనాలో పుట్టినవారు పౌరసత్వము పొందు దారియు మూసెను. 1898లో హవాయి అమెరికాలో చేరిపోగా ఆ నిషేధము ఆ ద్వీపములకును వర్తించెను. అయితే అదే 1898లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము వాంగ్ కిం ఆర్క్ అను చీనావాని వ్యాజ్యమున వేఱొక తీర్పు చెప్పెను. తల్లిదండ్రులు పౌరులు కాజాలకున్నను, అమెరికా గడ్డమీద పుట్టిన బిడ్డ పౌరుడే అని ఆ తీర్పు సారము. 1868లో, బానిసత్వము రద్దయిన పిదప, నల్లజాతివారి హక్కుకై చేసిన పదునాల్గవ రాజ్యాంగ సవరణయే దానికి ఆధారము. బానిసల బిడ్డలకై వ్రాసిన వాక్యము కూలీల బిడ్డలకు అక్కఱకు వచ్చెను. కావున ఒకే యింట తండ్రి పరదేశి, కొడుకు పౌరుడు. 1943లో ఆ నిషేధచట్టము రద్దగువఱకు ఈ వింత సాగెను. అప్పటికి ఫాంగ్ అయిదేండ్లుగా శాసనసభ్యుడు!

ఇప్పుడు నేటాలును చూడుడు. 1860 నవంబరు 16న 'ట్రూరో' అను ఓడ చెన్నపట్టణమునుండి తొలి కూలీలను దర్బాను రేవునకు చేర్చెను. అచ్చటి తోటలలోను మనవారి బిడ్డలు పుట్టిరి, చదివిరి, వ్యాపారములు చేసిరి. కాని 1896లో నేటాలు ప్రభుత్వము భారతీయులకు శాసనసభ ఓటు దక్కకుండ చట్టము చేసెను. అది సముద్రము దాటి వచ్చినవారికే కాక అచ్చట పుట్టినవారికిని తగిలెను. దక్షిణాఫ్రికా తెలుగువారు 1931లో ఆంధ్రమహాసభ స్థాపించుకొని భాషను నిలుపుకొనిరి. అందఱితో సమానమైన ఓటు మాత్రము 1994వఱకు వారికి రాలేదు. చెరకు ఒక్కటే, చాకిరి ఒక్కటే. భేదమంతయు చట్టములోని ఒక వాక్యమున నున్నది.

ఫాంగ్ 1938లో ప్రాదేశిక శాసనసభకు ఎన్నికయ్యెను. అప్పటికి హవాయి రాష్ట్రము కాలేదు. ద్వీపముల భూమి, చక్కెర, ఓడలు అన్నియు అయిదు పెద్ద కంపెనీల చేతిలో నుండెను. శాసనసభ సైతము వారి రిపబ్లికను పక్షము గుప్పిటనే యుండెను. ఫాంగ్ ఆ పక్షమున చేరియే, ఆ కంపెనీల యాజ్ఞకు లోబడక నిలిచెను. ఇది అవకాశవాదమని కొందఱనవచ్చును. కాని తోటకూలీల బిడ్డలు ఏటేట ఓటర్లగుచుండిరి. వారి మాట వినక గెలుచుట ఇక కష్టమని అతడు ముందుగ గ్రహించెను. అతని న్యాయవాద సంస్థ పేరు 'ఫాంగ్, మిహో, చోయ్, రాబిన్సన్'. చీనా, జపాను, కొరియా, తెల్లజాతి ఇంటిపేర్లు ఒకే పలకమీద నుండెను. యుద్ధకాలమున అతడు వైమానికదళమున న్యాయాధికారిగా పనిచేసెను.

1935నాటి అమెరికా కార్మికచట్టము వ్యవసాయ కూలీలను విడిచిపెట్టెను. 1945లో హవాయి శాసనసభ ఆ లోపమును పూరించి, తోటకూలీలు సంఘముగా ఏర్పడి యజమానులతో బేరమాడు హక్కును చట్టమున చేర్చెను. ఆ చట్టమును బలపఱచిన వారిలో ఫాంగ్ ఒకడు. తండ్రి యొంటరిగా కూలికి కుదిరిన సీమలో, కొడుకు కూలీల సంఘమునకు చట్టపు బలము చేకూర్చెను. మఱుసటి యేడు చెరకుతోటలలో 79 దినముల సమ్మె జరిగెను, కూలీలే గెలిచిరి. ఫాంగ్ 1948నుండి 1954వఱకు సభాధ్యక్షుడుగ నుండెను.

1954 ఎన్నికలలో డెమొక్రాటు పక్షము ప్రభంజనమువలె వచ్చి శాసనసభను గెలుచుకొనెను. ఫాంగ్ 31 ఓట్లతో ఓడిపోయెను. ఆ యేడు సభకు క్రొత్తగా వచ్చినవారిలో పలువురు జపాను కూలీల సంతతివారు, యుద్ధమున పోరాడి వచ్చిన యువకులు. యుద్ధములో కుడిచేయి పోగొట్టుకొనిన డానియల్ ఇనోవుయే వారిలో ఒకడు. 1959లో హవాయి రాష్ట్రమైనప్పుడు ఫాంగ్ సెనేటుకును, ఇనోవుయే ప్రతినిధిసభకును ఎన్నికై వాషింగ్టను వెళ్ళిరి. 1963లో ఇనోవుయేయు సెనేటుకు వచ్చెను. చెరకుతోటల సంతతివారగు ఆ యిరువురును వేఱువేఱు పక్షములవారై, 1977లో ఫాంగ్ విరమించువఱకు ఒకే రాష్ట్రము పక్షమున ఒకే సభలో కూర్చుండిరి.