చల్లని పెట్టె - ఇంటికి తగిన కొలత

కొల్లేటి ప్రాంతపు చెరువులలో పట్టిన బొచ్చె, శీలావతి చేపలు లారీలలో కలకత్తాకును, అస్సాముకును పోవును. పెట్టెలో ఒక వరుస ఐసు ముక్కలు, ఒక వరుస చేపలు, వాటిపై మరల ఐసు - ఈ విధముగా సందులేకుండ నింపి పంపుదురు. సరుకు ఎంత ఎక్కువగా ఉన్న అంత లాభము. ఇక ఏలూరులో ముగ్గురు నలుగురు గల కుటుంబము రిఫ్రిజిరేటరు కొనబోయినప్పుడు, "కొంచెము పెద్దదే తీసికొనండి, ఎప్పటికైన పనికివచ్చును" అను సలహా తరచుగా వినబడును. లారీకి లాభించిన పెద్ద పరిమాణము వంటయింటికిని లాభించునా? ఈ ప్రశ్నకు సమాధానము శీతలీకరణ చరిత్రలోనే ఉన్నది.

ఐసు లేని దినములు

ఐసు ఎరుగని కాలములో మన ఇండ్లలో ఆహారమును కాపాడినవి ఉప్పు, ఎండ, నిప్పు, మట్టికుండ. చేపలను ఉప్పువేసి ఎండబెట్టెడివారు. పాలను దాలిపై కాచి, రాత్రి తోడువేసెడివారు. కూజా గోడలలోని సన్నని రంధ్రములగుండ నీరు చెమర్చి ఆవిరియగును. ఆవిరియగుటకు కావలసిన ఉష్ణము లోపలి నీటినుండియే పోవును. కనుక నీరు చల్లబడును. అయితే గోదావరి, కృష్ణా డెల్టాల నడుమనున్న ఈ ప్రాంతములో గాలి తేమగా ఉన్న దినములలో ఆవిరి తగ్గును. కూజా చల్లదనమును తగ్గును.

ఓడలో వచ్చిన ఐసు

1833 వ సంవత్సరమున ఫ్రెడరిక్ ట్యూడర్ అను అమెరికా వర్తకుడు బోస్టన్ రేవునుండి సుమారు 180 టన్నుల ఐసును ఓడలో కలకత్తాకు పంపెను. అది చలికాలమున సరస్సులపై గడ్డకట్టిన ఐసు. నాలుగు మాసములు ఉష్ణసముద్రములపై ప్రయాణము చేసినను, సుమారు 100 టన్నులు కరగక మిగిలెను! చెన్నపట్నములో ఇట్టి ఐసును నిలువచేయుటకు 1842 లో కట్టిన ఐస్ హౌస్ భవనము నేటికిని సముద్రతీరమున ఉన్నది. 1897 లో స్వామి వివేకానంద అచ్చట బస చేసెను. ఇప్పుడది వివేకానంద భవనము.

ఇంత దూరము ఐసు ఎట్లు నిలిచెను? ఇందుకు రెండు కారణములు. ఒక కిలోగ్రాము ఐసు కరగుటకు 80 కిలోకేలరీల ఉష్ణము కావలెను. అంతియేగాక ఐసు గడ్డలన్నిటిని ఒకే పెద్ద రాశిగా పేర్చిరి. ఒక అడుగు భుజముగల ఘనమును తీసికొందము. దాని ఘనపరిమాణము 1 ఘనపుటడుగు; ఆరు ముఖముల వైశాల్యము 6 చదరపుటడుగులు. భుజము రెండడుగులైనచో ఘనపరిమాణము 8 ఘనపుటడుగులు, వైశాల్యము 24 చదరపుటడుగులు. అనగా ఘనపరిమాణము ఎనిమిది రెట్లు పెరిగినను, ఉష్ణము లోపలికి చొరబడు వైశాల్యము నాలుగు రెట్లే పెరిగినది. పెద్ద రాశికి ఇదియే రక్ష.

యంత్రము ఇంటికి వచ్చుట

1870 ల నాటికి జర్మనీలో కార్ల్ వాన్ లిండే అమ్మోనియా వాయువును నొక్కి, ద్రవముగా మార్చి, తిరిగి ఆవిరిచేయు యంత్రమును రూపొందించెను. సూత్రము కూజాదే, ఇచ్చట ఆవిరియగునది నీరు కాదు, అంతే భేదము. 1927 లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ తయారుచేసిన పెట్టె ఇండ్లలో ప్రసిద్ధి పొందెను. మన దేశములో 1958 లో గోద్రెజ్ సంస్థ రిఫ్రిజిరేటర్ల తయారీని ప్రారంభించెను. 1942 లో స్థాపితమైన హైదరాబాదు ఆల్విన్ సంస్థయు వీటిని తయారుచేసి తెలుగు ఇండ్లకు అందించెను. చాలకాలము మధ్యతరగతి ఇండ్లకు పరిచితమైన కొలత 165 లీటర్లు, అనగా సుమారు ఆరు ఘనపుటడుగులు.

ఇంటి లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. పెట్టె ఘనపరిమాణమును రెట్టింపు చేసినచో, ఆకారము మారనియెడల, గోడల వైశాల్యము సుమారు 1.6 రెట్లగును. లీటరుకు లెక్కించిన పెద్దదానికే లాభము. కాని ఆ లాభము నిండిన పెట్టెకే చెందును. పెట్టె సగము ఖాళీగా ఉన్నను గోడలగుండ ఉష్ణము వచ్చుట మానదు. యంత్రము ఆ ఉష్ణమును తోడి బయట పోయుచునే ఉండవలెను. లారీ నిండుగా పోవును. చిన్న కుటుంబపు పెద్ద పెట్టె నిండుట పండుగలకే.

కనుక ముందుగా కొలవవలసినది పెట్టెను కాదు, ఇంటి వాడుకను. నలుగురున్న ఇంటికి ఒక ఉదాహరణ: పాలు, పెరుగు గిన్నెలు 8 లీటర్లు, దోసెల పిండి 6, కూరగాయలు 30, మిగిలిన వంటకములు 12, నీటి సీసాలు 10, పచ్చళ్లు, పండ్లు మొదలగునవి 20, మొత్తము 86 లీటర్లు. చల్లని గాలి తిరుగుటకు మూడవ వంతు ఖాళీగా ఉంచవలెను. అప్పుడు సుమారు 130 లీటర్లగును. ఐసు అరను, వేసవిని, చుట్టముల రాకను కలిపినచో ఈ ఇంటికి 180 - 200 లీటర్లు చాలును. ఇద్దరే ఉన్నచో ఇంకను తక్కువ.

అంగడి దూరమును చూడవలెను. ప్రతి ఉదయము మార్కెట్టుకు పోగల ఏలూరు ఇంటికి చిన్నది చాలును. వారమునకొకసారి పట్నము వచ్చి కూరగాయలు కొనిపోవు కొల్లేటి లంకవాసికి అంతకంటె పెద్దది అవసరము. తాడేపల్లిగూడెము ఉల్లిపాయల వర్తకమునకు పేరుపొందిన ఊరు. ఆ ఉల్లిని మాత్రము లెక్కలో చేర్చనక్కరలేదు. ఉల్లికి కావలసినది గాలి తగులు పొడి చోటు; పెట్టెలోని తేమకు మెత్తబడి మొలకెత్తును.

2006 నుండి కేంద్రప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ యంత్రములకు నక్షత్రముల పట్టీలను అంటించు పద్ధతిని ప్రవేశపెట్టెను. నక్షత్రములు యంత్రము పరిమాణమును దృష్టియందుంచుకొని ఇచ్చునవి. కావున అయిదు నక్షత్రముల పెద్ద పెట్టె, మూడు నక్షత్రముల చిన్న పెట్టెకంటె ఎక్కువ విద్యుత్తును వాడవచ్చును. పట్టీపైనున్న సంవత్సరపు యూనిట్ల సంఖ్యను చదువుట మేలు. దానిని యూనిటు ధరచే హెచ్చించినచో ఏడాది ఖర్చు తెలియును.

మంచమున్నంతవరకే కాళ్లు చాపవలెనని సామెత. రిఫ్రిజిరేటరు కొనువారికి అంతకంటె మంచి అవకాశమున్నది: ముందు కాళ్లను కొలిచి, పిమ్మట మంచమును తెచ్చుకొనవచ్చును. విద్యార్థులు తమ ఇంటి గిన్నెలను, సీసాలను కొలిచి పై లెక్కను స్వయముగా వేసి చూడవచ్చును. ఆ కాగితము చేతనున్నచో అంగడిలో ఎవరి సలహాయు అవసరముండదు.